బతుకు మీద ఉపన్యాసం

మారికుప్పం రైల్లో పక్కాయనకు 'బతుకు' అనే మాట పుట్టుక వివరిస్తున్నాను. పూర్వం అది 'బ్రదుకు' అనీ, నలభై ఏళ్లు పరిశోధించాననీ చెప్పాను. ఒకప్పటి గని కార్మికుడాయన. వినకుండా సీట్ల కింద వెతుకుతున్నాడు.

"ఏం పోయిందండీ?"

"ఇత్తడి బిళ్లప్పా. గనిలోకి దిగేటప్పుడు తీసుకుని, పైకొచ్చినాక మేకుకు తగిలిస్తా ఉంటిమి. తగిలించకుంటే మనిషి ఇంగా లోపలే ఉండాడని అర్థం. గని మూసినా మా ఇంట్లో అదే పద్ధతి."

భార్యకు ఫోన్ చేశాడు. "బిళ్ల పోయిందే. నేను బాగానే ఉండాను."

"నువ్వు చెప్తే ఎట్ల నమ్మేది? బిళ్ల తగిలిస్తేనే సంగటి!"

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. సాయం చేద్దామని లేచాను. బిళ్ల నా కిందే ఉంది.

ఒప్పుకుంటున్నాను. నా పరిశోధన శనక్కాయల పొట్లం కాగితం మీద చదివిందే. ఏదో గుచ్చుకుంటోందని కూడా మొదటినుంచీ తెలుసు. ఉపన్యాసం ఆగిపోతుందని కదల్లేదు.