దండెం చూసి విప్పిన కప్పు

మా అక్కని వీధిలో అందరూ అక్కడక్కడక్కయ్య అంటారు. చాటుగా కాదు, మొహం మీదే. వాతావరణ కేంద్రంలో ఇరవై తొమ్మిదేళ్లుగా ప్రతి శుక్రవారం మా ప్రాంతానికి శని, ఆదివారాల సూచన రాసేది ఆవిడే. అందులో వాన ఎప్పుడూ "అక్కడక్కడా" పడుతుంది. ఎక్కడ, ఎన్నింటికి అని అడిగారో, "టీ తాగుతారా?" అంటూ లేచి వంటింట్లోకి వెళ్లిపోతుంది.

అందుకని మా వీధివాళ్లు సూచనని నమ్మరు, అక్క దండేన్ని నమ్ముతారు. పొద్దున్నే డాబా మీద ఆవిడ దుప్పట్లు ఆరేసిందంటే మధ్యాహ్నం దాకా చినుకు పడదు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా తప్పలేదు. ఎదురింటి టైలరమ్మ అయితే కిటికీ తీసి ముందు అక్క డాబా చూసి, ఆ తర్వాతే ఆకాశం చూస్తుంది.

అక్క వాన పడే గంట చెప్పకపోవడానికి కారణం ఉంది. మా నాన్నది ఇటుకల పని. అక్క ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది, "సాయంత్రం దాకా వాన రాదు నాన్నా" అని చెప్పింది. కూతురి మాట కదా అని ఆయన పచ్చి ఇటుకలు కప్పకుండా వదిలేశాడు. మధ్యాహ్నం రెండింటికల్లా ఎనిమిది వేల ఇటుకలు బురదైపోయాయి. నాన్న ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండేదేమో. ఆ తర్వాత అక్క ఎవరికీ గంట చెప్పలేదు.

నాది రేకుల పని. మొన్న వేసవి చివర్లో మా పేట లైబ్రరీ కప్పు మార్చే పని ఒప్పుకున్నాను. పాత రేకులు విప్పి కొత్తవి బిగించాలి. కింద పదకొండు వేల పుస్తకాలు. వాటిని పెట్టడానికి వేరే చోటు లేదు. నా దగ్గరున్న టార్పాలిన్ సగం హాలుకి కూడా రాదు. అక్క శుక్రవారం సూచన ఏం చెప్పిందంటారా? "శని, ఆదివారాల్లో అక్కడక్కడా జల్లులు. ఎండ తగ్గి చల్లబడుతుంది." నా కప్పు అక్కడో ఇక్కడో నాకెలా తెలియాలి?

శనివారం పొద్దున్న బయటికొచ్చి చూద్దును కదా, అక్క డాబా మీద తెల్లటి దుప్పట్లు నాలుగు! పక్కనే దిండు గలీబులు. అప్పటికే వీధంతా బట్టలు ఆరేసేసింది. నా ఆనందానికి పట్టపగ్గాల్లేవు. పరుగున వెళ్లి, నా ముగ్గురు పనివాళ్లతో కలిసి పదింపావుకల్లా ఇరవై రెండు రేకులూ విప్పి పారేశాను. లైబ్రేరియన్ గారు తలెత్తి ఆకాశాన్ని చూసి, "ఏం పరవాలేదంటారా?" అన్నారు. "మా అక్క దండెం గ్యారంటీ అండీ" అన్నాను దర్జాగా.

ఆ దర్జాలోనే అక్కకి ఫోన్ చేశాను. "అక్కా, నీ దుప్పట్లు చూసి కప్పు మొత్తం విప్పేశాను!"

"ఏ దుప్పట్లురా?"

"మీ డాబా మీదవి."

"నేను తెల్లవారుజామునే డ్యూటీకి వచ్చానురా! ఓరి దేవుడా, మీ బావ!"

బావ ఆ నెలలోనే రిటైరయ్యాడు. ఇంటిపనిలో సాయం చేస్తానని ఉత్సాహపడి, ఆ పొద్దున మొదటిసారి తనే దుప్పట్లు ఉతికి ఆరేశాడు. నేను ఫోన్ చెవికి గట్టిగా నొక్కుకున్నాను.

"టైం చెప్పక్కా."

"జల్లులు అక్కడ..."

"అక్కడా లేదు, ఇక్కడా లేదు! నాకు గంట కావాలి, నిమిషం కావాలి!"

అవతల కీబోర్డు టకటకలాడి ఆగిపోయింది. ఇటుకలు గుర్తొచ్చుంటాయని నాకు తెలుసు. అయినా నేను ఫోన్ పెట్టలేదు, ఆవిణ్ణి పెట్టనివ్వలేదు.

"రేకుకి ఎంతసేపు?" అంది చివరికి.

"రెండున్నర నిమిషాలు."

"రాడార్‌లో కనిపిస్తోంది. పదకొండూ పదికి నీ నెత్తి మీద ఉంటుంది. గాలి పడమటి నుంచి, అతుకుల్లోకి నీళ్లు కొట్టకుండా తూర్పు కొస నుంచి బిగించుకురా. నించుని వింటావేంట్రా, ఎక్కు!"

ఎక్కాం. డ్రిల్లు అరుపు, రేకుల మోత, కిందనుంచి లైబ్రేరియన్ గారి లెక్క: "ఏడు! ఎనిమిది!" అంతలో బావ ఆయాసపడుతూ వచ్చాడు. చెవి దగ్గర ఫోన్, చంకలో దుప్పట్లు.

"మీ అక్క పదకొండూ ఎనిమిదంటోందిరోయ్! వాన జోరు పెంచిందట!"

చేసిన తప్పు దిద్దుకుందామని దుప్పట్లు విప్పి పుస్తకాల మీద కప్పబోయాడు.

"అయ్యా! తడి దుప్పట్లతో కప్పుతారా!" అని లైబ్రేరియన్ గారు కెవ్వుమన్నారు. మాకు పైన నవ్వాగలేదు. నవ్వుతూనే పద్దెనిమిదో రేకు బిగించాం. చల్లగాలి మొహానికి కొట్టింది. పడమట చెట్లు ఊగిపోతున్నాయి. ఒళ్లంతా ఏదో హుషారు. ఇరవై. ఇరవై ఒకటి. ఆఖరి రేకుకి ఆఖరి స్క్రూ దిగుతుండగా నా చేతి మీద చినుకు పడింది.

"టైమెంత బావా?"

"పదకొండూ తొమ్మిది!"

కొత్త రేకుల మీద వాన దడదడలాడుతుంటే నలుగురం తడుస్తూ చిన్నపిల్లల్లా కేకలు పెట్టాం. ఒక్క పుస్తకం కూడా తడవలేదు. వీధివాళ్ల బట్టలన్నీ తడిసి ముద్దయ్యాయి. టైలరమ్మ బావతో రెండు రోజులు మాట్లాడలేదు.

ఆ సాయంత్రం రేడియోలో అక్క రాసిన కొత్త సూచన చదివారు. "ఆదివారం మధ్యాహ్నం మూడు, నాలుగు గంటల మధ్య ఒక జల్లు. ఆ తర్వాత తెరిపి." నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

ఆదివారం మూడింటికి దండేలన్నీ ఖాళీ. డాబాల మీద జనం, అందరి చూపూ పడమటికే. అక్క పిట్టగోడ పట్టుకుని పరీక్ష ఫలితాల కోసం నిలబడ్డ పిల్లలా ఉంది. మూడూ పది. మూడున్నర. మూడూ ముప్పావు. బావ నోరు తెరవబోతే చేత్తో ఆపాను.

మూడూ యాభైకి పడింది చినుకు.

"వచ్చిందోయ్!" అని టైలరమ్మ అరిచింది. వీధంతా చప్పట్లు. అక్క అరచెయ్యి చాచి అలాగే నిలబడింది. ఏడుస్తోంది, నవ్వుతోంది.

"ఇవాళైతే నాన్న ఇటుకలు కప్పుకునేవాడురా" అంది.