ఏరియేటర్లు ఆగిన పాట

పాటకు బేస్ గిటారు జాకెట్టుకు లైనింగ్ లాంటిదని చాలామందికి చెప్పి చూశాను. నేను టైలర్ని, నాకు ఆ పోలికే వచ్చు. ఏలూరులో పగలంతా మిషను తొక్కుతాను. ఫంక్షన్లు ఉన్న రోజుల్లో సాయంత్రానికి షాపు షట్టరు దించేసి ఆర్కెస్ట్రాతో వెళ్తాను. మీరేం వాయిస్తారని ఎవరైనా అడిగితే బేస్ గిటారని చెబుతాను. "అంటే మామూలు గిటారు కాదాండీ?" అంటారు. కాదంటాను. "మరి వినపడదేంటండీ?" అంటారు. అక్కడే నాకు ఒళ్లు మండుతుంది. వినపడకపోవడం గిటారు తప్పు కాదు, నా తప్పూ కాదు. తప్పంతా ఆంప్లిఫయర్‌ది.

మా ఆర్కెస్ట్రాలో అందరూ దాన్ని పెట్టె అంటారు. నడుము ఎత్తున నల్లగా ఉంటుంది. ఇద్దరు పడితే తప్ప వ్యాన్ ఎక్కదు. ఇంట్లో వాయిస్తే వంటింట్లో గిన్నెలు కదులుతాయి, పక్కింటివాళ్లు తలుపు కొడతారు. అదే పెట్టెను షామియానా కింద పెడితే, ఎంత పెంచినా నా కాళ్లకు తప్ప ఇంకెవరికీ తెలియదు. గోడల మధ్య నిలబడే మోత ఆరుబయట ఎటు పోతుందో పోతుంది. పోనీ ఇంకాస్త పెంచుదామంటే ముందువైపు ఎర్రలైటు వెలిగి నోరు మూసుకుంటుంది. అలిగిన అల్లుడైనా బతిమాలితే లేస్తాడు. ఇది దానికి బుద్ధి పుట్టినప్పుడే లేస్తుంది.

పవర్‌పేటలో రిపేరు చేసే ఆయన దగ్గరికి మోసుకెళ్లినప్పుడల్లా మాత్రం బంగారంలా పనిచేస్తుంది. ఆయన విప్పి, దుమ్ము దులిపి, మళ్లీ బిగించేవాడు. "పెట్టెలో ఏం లేదండీ. మీరు వెళ్లే ఊళ్లలోనే కరెంటు సరిగ్గా లేదు. వోల్టేజీ పడిపోతే తనను తాను కాపాడుకోడానికి ఆగిపోతుందండి."

"అది తనను కాపాడుకుంటుంది, బాగానే ఉంది. నన్నెవరు కాపాడతారండీ?" అన్నాను.

ఆయన నవ్వి ఇంకెవరిదో మిక్సీ అందుకున్నాడు.

మా లీడరు కీబోర్డు వాయిస్తారు. నాకంటే చిన్నవారే. అయినా లీడరు కాబట్టి మీరు అనే అంటాను, ఆయనా నన్ను అండీ అనే పిలుస్తారు. తాడేపల్లిగూడెంలో ఒక రిసెప్షన్‌కు వెళ్లాం. పాట మంచి ఊపులో ఉండగా పెట్టె ఆగింది. లీడరు నా వైపు చూడనైనా చూడలేదు. ఎడం చెయ్యి కీబోర్డు మీద ఆ చివరికి జరిపి, నేను వాయించాల్సింది తనే వాయించేశారు. పాట ఎక్కడా తొణకలేదు. సామాన్లు సర్దుకుంటున్నప్పుడు నా పక్కకు వచ్చి మెల్లగా అన్నారు.

"ఏమీ అనుకోకండి. ఇంకోసారి ఇలా అయితే బేస్ నేనే చూసుకుంటానండి. మీకెందుకు శ్రమ? వ్యాన్‌లో జాగా కూడా కలిసొస్తుంది."

మా వైపు మనిషిని తీసేయాలన్నా అండీ అనే తీసేస్తారు. తిట్టి ఉంటే నేనూ నాలుగు మాటలు అనేవాణ్ణి. అంత మెత్తగా చెప్పేసరికి, "అలాగేనండి" అన్నాను.

ఆర్కెస్ట్రా పోతే నేను పస్తులుండను, మిషను ఉంది. కానీ రోజంతా తల వంచుకుని ఎవరివో కొలతలకు గుడ్డ కత్తిరించే మనిషిని, స్టేజి మీదే కాస్త తల ఎత్తుతాను. అది కూడా పోతే ఎలాగన్న భయం పట్టుకుంది. ఆ వారమంతా కుట్టు వంకరలు పోతూనే ఉంది, విప్పి మళ్లీ కుడుతూనే ఉన్నాను.

తరవాతి ఫంక్షన్ కొల్లేరు ఒడ్డు ఊళ్లో. ఒక రొయ్యల రైతు కూతురికి ఓణీలు ఇస్తున్నారు. ఇక ఇదే నాకు ఆఖరి అవకాశమని తెలుసు. ఇంట్లో ఫ్రిజ్‌కు ఉన్న స్టెబిలైజరు విప్పి సంచిలో పెట్టుకున్నాను.

"ఏవండీ, ఫ్రిజ్ కాలిపోతే పాలు తెచ్చి మీ పెట్టెలో పెట్టుకోమంటారా?" అంది మా ఆవిడ.

"ఈ ఒక్క పూటకేలేవే," అని బయటపడ్డాను.

పెదపాడు దాటి లోపలికి వెళ్లాక రోడ్డుకు రెండు పక్కలా చెరువులే. ప్రతి చెరువులోనూ ఏరియేటర్లు, నీళ్లను తెల్లగా చిమ్ముతూ తిరిగే చక్రాలు. అవి తిరిగితేనే రొయ్యకు ఊపిరి. ముసురు పట్టినప్పుడు మరీ ముఖ్యం, ఎండ లేకపోతే నీళ్లలో గాలి తగ్గిపోతుంది. మేం వెళ్లేనాటికి ముసురు పట్టి ఉంది. సన్నాయిల మోత కన్నా చక్రాల గలగలే పెద్దగా వినిపిస్తోంది.

స్టేజి రైతు ఇంటి ముందు, చెరువు గట్టుకు ఆనుకుని వేశారు. సౌండ్ ఆయన నా పెట్టె చూసి చేతులు జోడించాడు. "జనరేటరు లైట్లకూ మైకులకూ సరిగ్గా సరిపోయిందండి. కీబోర్డు దాకా అయితే పర్లేదు. ఈ పెట్టె మాత్రం ఇంటి లైను మీద పెట్టుకోండి." పెట్టుకున్నాను. మధ్యలో స్టెబిలైజరు పెట్టి, మనసులో అల్లాను తలుచుకుని స్విచ్ వేశాను. పచ్చలైటు వచ్చింది.

చీకటి పడే వేళకు ఊళ్లో మిగిలిన ఏరియేటర్లన్నీ కూడా వేశారు. స్టెబిలైజరు టకటకలాడింది. మొదటి పాట పల్లవి పూర్తి కాకుండానే ఎర్రలైటు. ఈసారి లీడరు నా వైపు చూశారు. ఆ చూపులో కోపం లేదు. ఎడం చెయ్యి అప్పటికే జరిగిపోయింది.

పాట అయ్యాక నేను మోకాళ్ల మీద కూర్చుని పెట్టెతో కుస్తీ పడుతుంటే రైతు గబగబా వచ్చాడు. పట్టు పంచె కట్టుకుని, మెడలో దండతో ఉన్నాడు.

"ఏవైందండీ?"

"ఏం లేదండీ. వోల్టేజీ కాస్త తగ్గింది."

"అయ్యయ్యో, అదంతా మా ఏరియేటర్ల వల్లేనండి. ఉండండి, ఆపించేస్తాను."

"వద్దండీ, వద్దు! మబ్బుగా ఉంది, రొయ్య ఏమైపోతుందండీ!"

"మా ఇంటికొచ్చి మీరు ఇబ్బంది పడితే బావుంటుందాండీ? ఒక్క పాటకు ఏం కాదులెండి."

నేను వద్దన్నకొద్దీ ఆయనకు పట్టుదల పెరిగింది. చెయ్యి పట్టుకుని బతిమాలాను. ఆయన నా చెయ్యే పట్టుకుని బతిమాలాడు. చివరికి ఫోన్ తీసి చెరువు మీద ఉన్న మనిషికి ఆపమని చెప్పేశాడు. పక్క చెరువుల వాళ్లంతా ముందు వరసలో కూర్చున్న బంధువులే. ఆయన ఆపించాక తాము ఊరుకుంటే ఏం బావుంటుందని వాళ్లూ ఫోన్లు తీశారు. మా వైపు మర్యాద మొదలైందంటే ఆపే మొనగాడు లేడు.

గలగల ఆగిపోయింది. పెట్టెలో పచ్చలైటు వచ్చింది. లీడరు పాట ఎత్తుకున్నారు.

మొదటి తీగ మీటగానే స్టేజి చెక్కలు నా పాదాల కింద వణికాయి. ముందు వరసలో ఒక పెద్దావిడ చేతిలోని గ్లాసు వంక చూసుకుంది. షామియానా అంచుకు నిలబడ్డవాళ్లు కూడా తలలు ఊపుతున్నారు. ఇన్నేళ్లలో ఆరుబయట నా వాయిద్యం అంత దూరం వెళ్లడం అదే మొదలు. లీడరు తల తిప్పి చూసి నవ్వారు. ఎడం చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నారు. ఆ ఒళ్లో ఉన్న చెయ్యిని చూసి నాకు కళ్లనీళ్లు తిరిగాయి. నిలబడ్డాను, ఇక నన్నెవరూ కదపలేరు అనుకున్నాను.

రెండో చరణంలో గట్టు మీంచి కేక వినిపించింది. "రొయ్య తేలుతోందండోయ్!"

రైతు దండ తీసి కుర్చీలో పడేసి, పంచె ఎగ్గట్టి పరుగెత్తాడు. బంధువులు ఆయన వెనకే. ఆ తరవాత ఆడవాళ్లు. ఓణీ కట్టుకున్న ఆ పిల్ల కూడా నగలు చేత్తో అదిమి పట్టుకుని గట్టు దాకా వెళ్లింది. శుభకార్యంలో పాట మధ్యలో తెగితే అశుభమంటారు, అందుకని ఏమొచ్చినా ఆర్కెస్ట్రా ఆగదు. ఆపేద్దామన్నట్టు లీడరు వైపు చూస్తే ఆయన కానివ్వమని తల ఊపారు. నాకూ గట్టు మీదికి పరుగెత్తాలని ఉంది. వెళ్లి చేసేదేముంది? ఖాళీ కుర్చీల ముందు నిలబడి, నా జీవితంలోకెల్లా బాగా వాయిస్తున్నాను. ఒక కుర్చీలో దండ ఒక్కటే ఉంది.

చక్రాలు మళ్లీ ఒక్కసారిగా తిరిగాయి. ఎర్రలైటు వెలిగింది. లీడరు ఒళ్లోంచి చెయ్యి తీశారు.

జనం ఒక్కొక్కరే తిరిగొచ్చి కూర్చున్నారు. పాటలో ఏదో తగ్గిందని ఒక్కరి ముఖంలోనూ కనిపించలేదు. స్టేజి దిగిపోదామనుకున్నాను. దిగితే బావుండదని చచ్చిన గిటారు మీదే వేళ్లు ఆడిస్తూ ఉండిపోయాను. మధ్యలో కొందరు ఆడపిల్లలు వచ్చి నా పక్కన నిలబడి సెల్ఫీలు తీసుకున్నారు.

రైతు మోకాళ్ల దాకా బురదతో వచ్చాడు. నేను అడగబోయేలోపు ఆయనే అన్నాడు. "బాగా వాయించారండీ. ఏమీ అనుకోకండి, ఏరియేటర్లు మళ్లీ వేయించాల్సి వచ్చింది."

"రొయ్యలండీ?"

"కొంత పోయినట్టే ఉందండి. పొద్దున్న వల వేస్తేగానీ తెలీదు. మీరు భోంచేయకుండా వెళ్లకండి."

ఆయనే దగ్గరుండి వడ్డించాడు. రొయ్యల వేపుడు మళ్లీ మళ్లీ వేశాడు.

పెట్టెను వ్యాన్‌లోకి ఎక్కిస్తుంటే లీడరు వచ్చి ఒక చెయ్యి వేశారు. నేను సిద్ధపడే ఉన్నాను. ఆయన అన్నది వేరు.

"మీరు మానేయకండి. గిటారు వేసుకుని పక్కన నిలబడితే స్టేజి నిండుగా ఉంటుందండి, వీడియోలో కూడా బాగా వస్తున్నారు. పెట్టె మాత్రం ఇక తేవద్దులెండి."

కాదని చెప్పాలనే అనుకున్నాను. "అలాగేనండి" అన్నాను.

స్టెబిలైజరు మళ్లీ ఫ్రిజ్‌కు వెళ్లింది. పెట్టె షాపులో ఉంది, దాని మీద లైనింగ్ గుడ్డలు పేర్చుకుంటున్నాను. ఫంక్షన్లకు వెళ్తూనే ఉన్నాను. ప్రతి పాటా తప్పు పోకుండా వాయిస్తాను, ఒకప్పటికంటే జాగ్రత్తగానే వాయిస్తాను. గిటారు వైరు కొస మాత్రం ప్యాంటు జేబులో పెట్టుకుంటాను, వేలాడితే వీడియోలో కనపడుతుందని.