మూత మీద యాదమ్మ పేరు

ఆ రోజు మా ఆయన ఫస్ట్ షిఫ్టు ముగించుకొని వచ్చి, చెప్పులైనా విడవకుండా మా ఒంటిగది ఖోలీ గడపలోనే కూలబడ్డాడు. ఒళ్లంతా చెమట. ఇనుము కరిగించే కార్ఖానాలో భట్టీ దగ్గర పని, చెమట మాకు కొత్త కాదు. కానీ నా చెయ్యి పట్టుకొని తన ఛాతీ మీద పెట్టుకున్నాడు. పెళ్లయిన పద్నాలుగేళ్లలో వరసగా ఖోలీలున్న ఈ చాలీలో నలుగురు చూస్తుండగా ఆయన నా చెయ్యి పట్టుకోవడం అదే మొదలు.

"సూడు నర్సమ్మా. రెండు సార్లు కొట్టుకుంటది, మూడోసారి ఆగుతది," అన్నాడు.

నిజమే. నా అరచేతి కింద గుండె తడబడుతోంది.

మర్నాడు సర్కారు దవాఖానాకు పోయాం. రక్తం, మూత్రం, ఈసీజీ, అన్నీ అయ్యాక డాక్టరమ్మ కాగితాలు చూసి హిందీలో చెప్పింది. బ్లడ్ షుగర్ బాగా ఎక్కువ. గుండెలో ఎక్స్‌ట్రా బీట్స్ ఉన్నాయి. భట్టీ వేడి, ఓవర్‌టైం, నిద్ర లేని షిఫ్టులు, నడుం చుట్టూ పెరిగిన కొవ్వు, అన్నీ కలిసి గుండె మీదే పడతాయట. అన్నం తగ్గించాలి, తీపి మానాలి, రోజూ టాబ్లెట్ వేసుకోవాలి.

"ఖానా కౌన్ బనాతా హై?" అని అడిగింది, వంట ఎవరు చేస్తారని.

"మైఁ," నేనే అన్నాను, తల ఎత్తి.

ఆ రోజు నుంచి ఆయన పనికి తీసుకుపోయే టిఫిన్ డబ్బాలో జొన్నరొట్టె, మెంతికూర, కాకరకాయ. అన్నం మెతుకు కనిపించనివ్వలేదు.

ఇక్కడ యాదమ్మ సంగతి చెప్పాలి. మా పై అంతస్తులో ఉంటుంది. ఆమె మొగుడు ఎల్లయ్య మా ఆయన పక్కనే పనిచేస్తాడు. మాది పాలమూరు దిక్కు పల్లె, బతకడానికి ఇక్కడికొచ్చాం. ఆమె మాత్రం ఇక్కడే, ఈ కామాటిపురలోనే పుట్టి పెరిగింది. నాకంటే పదేళ్లు చిన్నది. ఆమె పోపు వేస్తే చాలీ మొత్తం తలలు తిప్పేది. మా ఆయన కూడా తిప్పేవాడు. నేను చూసేదాన్ని. ఆమెను చూస్తే నాకు ఒళ్లు మండేది, అందులో దాచడానికేమీ లేదు.

రెండు నెలలైనా షుగర్ దిగలేదు. డాక్టరమ్మ నొసలు చిట్లించి, "పరహేజ్ కర్తే హో నా?" అంది. పథ్యం ఉంటున్నాడా అని. "నా చేతి వంట తప్ప వేరే ముట్టడు," అన్నాను. రోజూ డబ్బా నాకినట్టు ఖాళీగా వచ్చేది. ఆ గర్వంతో అన్నాను. ఆమె టాబ్లెట్లు రెట్టింపు చేసింది.

మా ఇళ్లలో స్టీలు గిన్నె కొంటే దుకాణంలోనే దాని మీద పేరు చెక్కిస్తాం. ఒక సాయంత్రం డబ్బా తోముతుంటే మూత మీద నా పేరు లేదు. చుక్కచుక్కల మరాఠీ అక్షరాలు. నేను ఇక్కడికొచ్చాక మున్సిపాలిటీ రాత్రిబడిలో కొన్నాళ్లు చదివినదాన్ని, కూడబలుక్కున్నాను. యాదమ్మ.

మూత తీసుకుపోయి ఆయన ముందు పడేశాను. "ఇదెవలది?"

ఆయన దాచలేదు. "ఎల్లయ్యకు రోజూ అన్నమే. జొన్నరొట్టెకు మొకంవాచిండు. నాకేమో నీ కాకరకాయ దిగుతలేదు. డబ్బాలు మార్చుకుంటున్నం. గంతే."

"ఎన్ని దినాల సంది?"

"రెండు నెలలు."

"ఆమెకు ఎర్కనా?"

"ఎర్కనే. నవ్వింది."

షుగర్ సంగతి నాకు ఆ క్షణాన గుర్తే లేదు. ఆ నవ్వే గుచ్చుకుంది. రెండు నెలలు నేను పొద్దున్నే లేచి రొట్టెలు కొట్టింది ఎల్లయ్య కోసమా? నా మొగుడి కడుపు నింపింది ఆ నవ్వుల మనిషా?

డాక్టరమ్మకు చెప్పాలని తోచకపోలేదు. ఏమని చెప్పను? నా మొగుడికి ఇంకొకామె వంట రుచించిందని నా నోటితో చెప్పాలా? నోరు మూసుకొని ఊరుకున్నాను. మర్నాడు టాబ్లెట్లు ఎప్పటిలాగే రెట్టింపు ఇచ్చాను. డబ్బాలో రెండు పలుచటి రొట్టెలు, చారెడు కాకరకాయ పెట్టి, డబ్బా మార్చనని మా బిడ్డ మీద ఒట్టు వేయించుకొని పంపాను.

ఆయన అలిగి ఒక్క రొట్టె తిని డబ్బా మూసేశాడట. రెండు గంటలకు భట్టీ ముందు చేతులు వణికాయి, గుండె ఆగి ఆగి పరుగెత్తింది, కళ్ల ముందు చీకట్లు కమ్మాయి. ఎల్లయ్య తండ్రికి కూడా షుగరే, అందుకని అతనికి వెంటనే తోచింది. తన డబ్బాలో మిగిలిన బచ్చం, అదే బొబ్బట్టు, తుంచి, బెల్లం పూర్ణం ఆయన నోట్లో పెట్టి, "నమలు బావా, నమలు," అంటూ టాక్సీలో దవాఖానాకు తెచ్చాడు.

నేను పోయేసరికి గ్లూకోజ్ ఎక్కుతోంది. మానిటర్ మీద గీత ఎగుడుదిగుడుగా పోతోంది. మంచం పక్కన, నాకంటే ముందే వచ్చిన యాదమ్మ వెక్కి వెక్కి ఏడుస్తోంది. నర్సు ఆమె భుజం తట్టి, "తుమ్హారా ఆద్మీ ఠీక్ హో జాయేగా," అంది, నీ మొగుడు బాగవుతాడని. నాకు కన్నీళ్లు రాలేదు. "ఆద్మీ మేరా హై," మొగుడు నావాడని గట్టిగా అన్నాను. వార్డు మొత్తం నా వైపు చూసింది.

డాక్టరమ్మ నన్ను బయటికి పిలిచింది. అప్పుడు మూత సంగతి, ఒట్టు సంగతి, అన్నీ చెప్పేశాను. ఆమె అరవలేదు. అన్నం తినే మనిషికి సరిపడా మందు ఇచ్చానని, ఆ మందు మీద తిండి ఒక్కసారిగా తగ్గితే లో షుగర్ అవుతుందని, అది గుండెను కూడా అదుపు తప్పిస్తుందని చెప్పింది. "మూత చూసిన రోజే నాతో చెప్పి ఉంటే ముందు టాబ్లెట్ తగ్గించేదాన్ని. ఆ తీపి నోట్లో పడింది కాబట్టి బతికాడు," అంది.

లోకంలో ఇన్ని తీపులుండగా, యాదమ్మ బచ్చమే కావాల్సి వచ్చింది.

ఇది జరిగి ఏడాదిన్నర. ఆయన్ని భట్టీ నుంచి తూకం దగ్గరికి మార్చారు. టాబ్లెట్ సగానికి వచ్చింది. డాక్టరమ్మను అడిగి రొట్టెతో పాటు ఒక చిన్న గిన్నెడు అన్నం పెడుతున్నాను. గుండె అప్పుడప్పుడు తడబడుతుంది, కానీ అప్పటిలా కాదు. యాదమ్మకు చేతులెత్తి దండం పెట్టాను. అసూయ మాత్రం పోలేదు.

ఇంట్లో షుగర్ మనిషి ఉన్నవాళ్లకు నేను చెప్పేది ఒకటే. ఏం తింటున్నారో డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పండి, సిగ్గయినా చెప్పండి. తిండి మార్చాలంటే ముందే అడగండి. షుగర్ పడిపోయినప్పటికి జేబులో చక్కెర పొట్లం ఉండాలి, మనిషి స్పృహలో ఉంటేనే నోట్లో పెట్టాలి.

మొన్న యాదమ్మ మెట్ల మీద ఎదురై, "అక్కా, ఇయ్యాల బావకు చక్కెర పొట్లం నేను కట్టియ్యనా?" అంది నవ్వుతూ.

వద్దన్నాను. ఆ పొట్లం నేనే కడతాను.