పేరు చెప్పకపోతే రాయదు

బోర్డులు రాసే అక్కకు ముక్కు మీద కోపం. వీధిలో ఆమెను అందరూ బోర్డులక్క అనే పిలుస్తారు. ఎవరేం రాయించుకున్నా సరే, కింద మూలన వాళ్ళ పేరు ఉండాల్సిందే. పేరు చెప్పనివాళ్ళకు ఆమె గీత కూడా గీయదు.

ఆ మధ్య ఆమె చెల్లెలు మతం మార్చుకుంది. బోర్డులక్క నానా మాటలూ అని, ఆ గుమ్మం తొక్కడం మానేసింది. చెల్లెలు తన అద్దె ఇంటి ముందుగదిలో నలుగురిని కూర్చోబెట్టుకుని ప్రార్థన మొదలుపెట్టేసరికి వీధి పెద్దలకు ఒళ్ళు మండింది. గుంపుగా వచ్చి, వీధి మొదట్లో పెట్టడానికి బోర్డు రాయమన్నారు: మతం మారినవాళ్ళకు ఈ వీధిలో చోటు లేదు. ఆ బోర్డు పడిందంటే ఇంటి యజమాని చెల్లెలిని ఖాళీ చేయిస్తాడని అందరికీ తెలుసు.

కింద ఎవరి పేరు రాయాలని బోర్డులక్క అడిగింది. వీధి జనం అని రాయమన్నారు. అలాంటి మనిషిని తానెప్పుడూ చూడలేదంది. ఎవరి దేవుణ్ణి వాళ్ళు కొలుచుకోవచ్చు, ఎవరి మాట వాళ్ళు చెప్పుకోవచ్చు అన్న రాజ్యాంగం ముక్కల్ని కోర్టు గోడ మీద రాసింది తానేననీ, చెప్పుకునే నోరున్నప్పుడు దానికో పేరూ ఉండాలనీ దులిపేసింది. పెద్దమనుషుల్లో ఎవరూ తమ పేరు ఇవ్వలేదు. ఒకడికి వ్యాపారం అడ్డొచ్చింది, ఒకడికి ఉద్యోగం.

అప్పుడు గుంపు వెనకనుంచి బోర్డులక్క అన్న ముందుకొచ్చాడు. తల్లిదండ్రులు పోయాక అక్కచెల్లెళ్ళిద్దరినీ పెంచినవాడు.

"నా పేరు రాయి. చెల్లెలు పోతే పోయింది, పరువన్నా దక్కుతుంది."

బోర్డులక్క కుంచె అందుకుంది. పేరిస్తే రాస్తానని తనే అంది, ఇప్పుడెలా కాదంటుంది? కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే, అన్నను తిట్టుకుంటూనే రాసింది. రంగు ఆరాక బోర్డు చంకన పెట్టుకుని నేరుగా అన్న ఇంటికెళ్ళి, తలుపు పక్కన మేకులు దిగ్గొట్టింది.

"వీధి అందరిదీ అన్నయ్యా. గుమ్మం నీది. నీ మాట ఇక్కడ చెప్పుకో."

అన్న ఊగిపోతూ దాన్ని పీకి అవతల పారేశాడు. ఇంకో బోర్డుకు పేరిచ్చేవాడు దొరకలేదు. చెల్లెలి ఇల్లు నిలిచింది.

ఆ సాయంత్రం బోర్డులక్క పంతం చంపుకుని చెల్లెలి దగ్గరికి వెళ్ళింది. ఓ మంచి మాట వినపడుతుందని లోపల ఆశ. చెల్లెలు తలుపు సగమే తీసింది.

"అన్నయ్య నోటితో అన్నాడు, అంతే. అక్షరం అక్షరం దిద్ది రాసింది నువ్వు కదక్కా" అంది, తలుపు వేసుకుంటూ.