పదకొండు ఆమెన్‌లు

మా ఊరు డోన్‌కు దగ్గర. ఇంటర్నెట్‌లో అందరూ కలిసి రాసే విజ్ఞాన సర్వస్వంలో మా ఊరికీ ఒక పేజీ ఉంది. "ఊళ్ళోని చర్చిని పెద్దింటి వాళ్ళు కట్టించారు" అని అందులో ఒక వాక్యం. కడపలో నా దగ్గరే ఉంటున్న అమ్మకు దాన్ని చదివి వినిపించడమే నేను చేసిన తప్పు.

"వాళ్ళు కట్టించినారా? పైకప్పుకు రేకులిచ్చినారు, అంతే. పగలంతా వాళ్ళ చెనిక్కాయ చేలల్లోనే మాకు కూలి, సాయంత్రం వంక కాడి నుంచి రాళ్ళు మోసేది. మా అమ్మతో పాటు నేనూ మోసినా. ఆ మాట ఎక్కించు పాపా, నేను పోయేలోగా," అంది.

అమ్మ నన్ను ఏదీ అడిగే మనిషి కాదు. టీచర్ని కదా, రెండు నిమిషాల్లో దిద్దేశాను: "కూలి కుటుంబాల ఆడవాళ్ళు రాళ్ళు మోసి ఈ చర్చిని కట్టారు." తెల్లారేసరికి నా వాక్యం లేదు, పాతది తిరిగొచ్చింది. ఎవరో ఒకాయన "ఆధారం లేదు" అని కారణం రాసిపెట్టాడు. మళ్ళీ పెట్టాను, మళ్ళీ తీశాడు. నాకు ఒళ్ళు మండింది. పెద్దింటి మనవడే అయ్యుంటాడని అమ్మ తేల్చేసింది. ఎదుటివాడిది మంచి ఉద్దేశమేనని అనుకోవాలని అక్కడ నియమం ఉందట. నేను అనుకోలేదు.

తగాదా వస్తే, వాదించుకోవడానికి విడిగా ఉండే 'చర్చ' పేజీలో మాట్లాడుకోవాలన్నారు. మాకు తెలిసిన మాట్లాడుకోవడం పంచాయతీ, పంచాయతీకి ఎంతమంది వెంటొస్తే అంత బలం. చర్చి స్త్రీల సమాజం వాట్సాప్ గ్రూపులో ఒక్క మెసేజ్ పెట్టాను. సాయంత్రానికల్లా పదకొండు మంది కొత్త ఖాతాలు తెరిచి, వరసగా "ఇది సత్యం, ఆమెన్" అని రాసి వెళ్ళారు. ఒకామె అలవాటు కొద్దీ తన మోకాలి నొప్పికి ప్రార్థన విన్నపం కూడా చేర్చింది.

నా ఖాతాను వారం రోజులు ఆపేశారు. అక్కడ తలకాయలు లెక్కపెట్టరట, మందిని తోలుకురావడమే పెద్ద నేరమట. ఆపేసిన నిర్వాహకుడు, ఆమె మోకాలి నొప్పి తగ్గాలని తానూ కోరుకుంటున్నట్టు చివర్లో రాశాడు. చదివి నవ్వాను, కోపం సగం దిగిపోయింది.

ఆ వారంలో నియమాలన్నీ చదివాను. ఇద్దరికీ పొసగకపోతే, ఏ సంబంధమూ లేని మూడో మనిషి అభిప్రాయం అడగవచ్చు. అడిగాను. ఎవరో, ఏ ఊరివారో తెలియదు, అచ్చయిన ఆధారం చూపించమన్నారు. మా వాళ్ళ గురించి ఎవరు అచ్చు వేశారు గనక? మా అమ్మ బతికే ఉంది, ఆమెనే అడగండి అన్నాను. నోటిమాట చెల్లదన్నారు. నాకు నిజంగా ఏడుపొచ్చింది.

తర్వాత ఆ మనిషే అవతలి ఆయన్ని కూడా అదే ప్రశ్న అడిగారు. పెద్దింటి వాళ్ళు కట్టించారనడానికి ఆధారమేది? ఆయన దగ్గరా లేదు. దాంతో నా వాక్యంలాగే ఆ వాక్యమూ పోయింది. ఇప్పుడు పేజీలో "ఊళ్ళో ఒక చర్చి ఉంది" అని మాత్రమే ఉంది.

ఓడిపోయానని అమ్మకు చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ వింది.

"వాళ్ళ మాట కూడా తీసేసినారా?"

"తీసేసినారు మా."

"వాళ్ళు పెద్దింటోళ్ళని తెలిసే తీసేసినారా?"

"తెలిసినా తెలీకపోయినా అంతే. ఆడ అందరికీ ఒకటే లెక్క."

అమ్మ చేతిలోని కాయ పక్కన పెట్టి, కొంగుతో నోరు మూసుకుని నవ్వింది.

"వాళ్ళకూ మనకూ ఒకే నాయం చెప్పిన పంచాయతీ నా బతుకులో ఇదే చూడ్డం, పాపా."