ఆరు గ్రాముల ప్రాణం

నాకు పాములంటే భయం. టీవీలో పాము కనబడినా కాళ్ళు సోఫా మీదికి తీసుకునేంత భయం. చిన్నప్పుడు మా ఇంట్లో చీకటి పడ్డాక పాము అనే మాట ఎత్తనిచ్చేవారు కాదు. పురుగు అనాలి. నార్త్ కరోలినా వచ్చి పన్నెండేళ్ళయినా, ఇంట్లో లైట్లు వేశాక నా నోట ఇప్పటికీ పురుగు అనే వస్తుంది. అలాంటి నా ఇంట్లోకి, మోరిస్‌విల్‌లో మేముంటున్న టౌన్‌హోమ్ మేడ మీది గదిలోకి, ఒక పాముపిల్ల వచ్చి చేరింది.

తప్పు మావారిది. సిక్స్త్ గ్రేడ్ చదివే మా అమ్మాయి రెండేళ్ళుగా కుక్కపిల్ల కావాలని ప్రాణం తీస్తోంది. ఆయనకి జంతువుల బొచ్చు పడదు, తుమ్ములు మొదలైతే ఆగవు. "బొచ్చు లేనిది ఏదైనా సరే, కొంటాను" అని మాటిచ్చేశారు. ఆయన మనసులో ఉన్నది చేప. పిల్ల మనసులో ఉన్నది వేరు. మాట ఇచ్చాక తప్పితే పిల్లల ముందు చులకనైపోతామని ఆయన నాకే నచ్చజెప్పారు.

దాన్ని కార్న్ స్నేక్ అంటారట. విషం ఉండదట. పెన్సిల్ కంటే సన్నం, అడుగు స్కేలంత పొడవు, ఒంటి నిండా నారింజ రంగు మచ్చలు. అడుగున వేడి చేసే పట్టీ ఉన్న ప్లాస్టిక్ పెట్టెలో, నీళ్ళ గిన్నె పక్కన చుట్ట చుట్టుకుని పడుకునేది. మూతకి నాలుగు క్లిప్పులున్నా నాకు చాలక, పైన రెండు లావుపాటి పుస్తకాలు పెట్టించాను. ఆ గది తలుపు కింద సందులో తువ్వాలు దూర్చాను. పొద్దున్నే చెప్పులు దులపకుండా కాలు పెట్టడం మానేశాను. "అమ్మా, అది బేబీ! దానికి నువ్వంటేనే భయం" అని అమ్మాయి నవ్వేది. ఆ సంగతి నా కాళ్ళకి ఎవరు చెబుతారు?

దాని తిండి మాత్రం నా చేతికొచ్చింది. వేలెడంత కూడా లేని, ఇంకా వెంట్రుకలు రాని చచ్చిన ఎలుకపిల్లలు ఒక సంచి నిండా ఫ్రీజర్‌లో, కొబ్బరి కోరు పక్కకి వచ్చి చేరాయి. శనివారం సాయంత్రం ఒకటి తీసి, మంచు కరిగించి, గోరువెచ్చగా చేసి పెట్టాలి. నా వంటింట్లో ఎలుకని ఇంకొకరు ముట్టుకోవడానికి వీల్లేదని నేనే షరతు పెట్టాను. బతికున్న పామంటే భయం కానీ చచ్చిన ఎలుక నాకు ఒక లెక్కా? చికెన్ ముక్కలు కొట్టిన చేతులివి. కరిగించి, శుభ్రంగా కడిగి, పేపర్ టవల్ మీద పెట్టి ఇచ్చేదాన్ని. అమ్మాయి పట్టకారుతో పట్టుకుని పైకి తీసుకెళ్ళేది.

మొదటి శనివారం తినలేదు. కొత్త చోటు కదా అనుకున్నాం. అమ్మినాయన మాత్రం తన దగ్గర మూడుసార్లు చక్కగా తిన్నదని చెప్పాడు. రెండో శనివారం దగ్గరికొచ్చింది, నాలుక రెండుసార్లు ఆడించింది, ఎవరో కొట్టినట్టు తల వెనక్కి లాక్కుంది. మూడోసారీ అంతే.

"అమ్మా, వీడియోలో పింక్‌గా ఉంటుంది. మనది కొంచెం యెల్లో ఎందుకుంది?" అని అమ్మాయి ఒకసారి అడిగింది.

"ఫ్రీజర్‌లో పెడితే అన్నీ అలాగే అవుతాయి" అన్నాను, అంతా తెలిసినదానిలా.

నాలుగో వారం అమ్మాయి దాన్ని పెరుగు కప్పులో వేసి, నేను పిండి తూచే మెషీన్ మీద తూచింది. వచ్చినప్పుడు ఎనిమిది గ్రాములు. ఇప్పుడు ఆరు. వెన్ను మీద చర్మం గీత తేలినట్టు కనబడుతోంది. అప్పటిదాకా పొద్దున్నే నేను ఆ గదిలోకి తొంగిచూసేది అది పెట్టెలోంచి పారిపోయిందేమో అనే భయంతో. ఆ వారం నుంచి భయం తిరగబడింది. పెట్టెలోనే ఉంటుందేమో, కదలకుండా ఉంటుందేమో అని చూడటం మొదలుపెట్టాను. అది నాలుక ఆడించేదాకా ఊపిరి తీసుకునేదాన్ని కాదు. పాము బతికుంటే చాలని గుమ్మంలో నిలబడి దండం పెట్టుకుంటానని నేను కలలో కూడా అనుకోలేదు.

అంతకంటే భయం పిల్లని చూస్తే. కంచంలో అన్నం కెలికి లేచిపోయేది. స్కూల్ నుంచి లంచ్ బాక్స్ సగం అలాగే తిరిగొచ్చేది. ఒకరోజు కార్‌లో ఉన్నట్టుండి అడిగింది: "అమ్మా, అది నన్ను హేట్ చేస్తోందా? నేను ఏమో రాంగ్ చేస్తున్నాను. నా చెయ్యి షేక్ అవుతుంది కదా, అందుకే తినట్లేదు."

"నీ తప్పేం లేదమ్మా" అన్నాను. మాట సాయానికి అన్నాను గానీ, పిల్ల చెయ్యి నిజంగానే వణుకుతోందని నాకూ అనుమానంగానే ఉండేది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఐదో శనివారం కూడా తినకపోయేసరికి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. పాముల్నీ తాబేళ్ళనీ చూసే ఆవిడ ఒకరున్నారు. నేను కుర్చీ గోడకి ఆనించుకుని కూర్చున్నాను. ఆవిడ దాన్ని వేలికి చుట్టుకుని చూసి, జబ్బేమీ కనబడటం లేదన్నారు. ఎలుకని ఎలా కరిగిస్తున్నారని అడిగారు. గోరువెచ్చని నీళ్ళలో అని నేను ఠకీమని చెప్పాను. పాము చూపుని అంతగా నమ్ముకోదని, నాలుకతో వాసన పట్టి ఇది తిండా కాదా అని తేల్చుకుంటుందని ఆవిడ అమ్మాయికి వివరించారు. ఈ శనివారం కూడా తినకపోతే సోమవారం తీసుకురమ్మన్నారు. నోరు తెరిచి తిండి లోపలికి పెట్టాలట. ఇంత చిన్న ప్రాణం ఆ బెదురుకే పోవచ్చని, మాటివ్వలేనని కూడా చెప్పారు. తిరిగొచ్చేటప్పుడు అమ్మాయి పెట్టెని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

శనివారం సాయంత్రం సింకు దగ్గర నిలబడ్డాను. ఎలుకపిల్ల మెత్తబడింది. కవర్‌లోంచి తీశాను. చెయ్యి దానంతట అది పోపులడబ్బా మీదికి వెళ్ళింది. చిటికెడు పసుపు, చిటికెడు ఉప్పు. వేళ్ళతో రుద్దుతుంటే డాక్టరమ్మ అన్న మాట గుర్తొచ్చింది. వాసన పట్టి తేల్చుకుంటుంది.

వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. ఎలుక వాసన లేదు. మా అమ్మ వంటిల్లు వాసన వచ్చింది.

చికెన్ కానీ చేప కానీ, మాంసమనేది పసుపూ ఉప్పూ వేసి కడగకుండా మా ఇంట్లో ఏదీ పొయ్యి ఎక్కదు. ఐదు శనివారాలూ అలాగే కడిగాను. డాక్టరు అడిగినప్పుడు దాచలేదు. అన్నం ఎలా వండుతావంటే బియ్యం కడుగుతానని వేరే చెబుతామా? పాముకి భయపడి తలుపు కింద తువ్వాలు దూర్చింది నేను. దాన్ని వారం వారం చంపుతున్నదీ నేనే.

చెప్పకుండా ఊరుకోవచ్చు. ఇంకొకటి కరిగించి కడగకుండా ఇస్తే ఎవరికీ తెలియదు. నిజం చెప్పాలంటే ఒక నిమిషం అలాగే అనుకున్నాను కూడా. కానీ మెట్ల మీద పిల్ల కూర్చుని ఉంది. తన కుడిచేతిని ఎడమచేత్తో గట్టిగా పట్టుకుని, వణక్కుండా ఉంటుందా అని చూసుకుంటోంది.

"నీ చెయ్యి కాదమ్మా. నేను. పసుపు వేసి కడుగుతున్నాను ఇన్నాళ్ళూ."

తనకి మొదట అర్థం కాలేదు. "వై?"

"మీట్ కదా. కడక్కుండా ఎలా పెడతాం?"

"అమ్మా, అది పాము!" అని అరిచింది. తరవాత ముఖం చేతుల్లో దాచుకుని ఏడ్చింది. "ఐ థాట్ ఇట్ వాజ్ మీ" అంది. ఆ మాట నాకు తగలాల్సిన చోటే తగిలింది.

సంచిలో ఇంకొక్కటే మిగిలింది. నేను చేతులు వెనక్కి కట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. నా వంటింట్లో మొదటిసారి తనే కరిగించింది. కడగలేదు. వేడి నీళ్ళలో కవర్‌తో సహా ముంచి తీసి, పట్టకారుతో పట్టుకుని పైకెళ్ళింది. పెట్టె మూత తీశాక ఆ పట్టకారు నిజంగానే ఊగిపోయింది. "నా వల్ల కాదు. నువ్వు పట్టుకో అమ్మా, ప్లీజ్."

మూత లేని పెట్టె ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. అది తల ఎత్తింది. నాలుక ఆడించింది, ఒకసారి, రెండుసార్లు. వెనక్కి లాక్కుంటుందనుకున్నాను. ఇంకొంచెం దగ్గరికొచ్చింది. నా వేళ్ళకీ దానికీ మధ్య జానెడు పట్టకారు. లేచి పారిపోవాలని ఒళ్ళంతా చెబుతోంది. కదిలితే తినదని తెలుసు.

ఒక్కసారిగా మీదపడి పట్టేసింది. నేను పెట్టిన కేకకి మావారు కింద నుంచి పరిగెత్తుకొచ్చారు. పట్టకారు మాత్రం కదలనివ్వలేదు. అది ఎలుకపిల్లని చుట్టుకుని, తల నోట్లోకి తీసుకుని, మెల్లమెల్లగా మింగింది. ముగ్గురం ఊపిరి బిగబట్టి చూశాం. సన్నటి ఒంట్లో చిన్న ఉబ్బు కిందికి జారుతుంటే నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. చేతులు అప్పుడు వణికాయి.

భయం పోలేదు. మూత పెట్టి, నాలుగు క్లిప్పులూ నొక్కి, పుస్తకాలు మళ్ళీ నేనే పెట్టాను.

"అమ్మా, ఆకలేస్తోంది" అంది పిల్ల.

నెల రోజుల తరవాత విన్నాను ఆ మాట. కిందికి వచ్చి, చేతులు కడుక్కుని, రెండు గుడ్లు కొట్టి అట్టు కోసం గిలకొట్టాను. చెయ్యి పోపులడబ్బా దాకా వెళ్ళి ఆగిపోయింది.

వెనక నుంచి చూస్తోంది కాబోలు. "నాకు వేయొచ్చమ్మా" అంది.