మా అమ్మ పేరున రెండు మీటర్లు

మా అమ్మకి రెండు ఇళ్లున్నాయన్న సంగతి మాకు కరెంటు బిల్లు వల్ల తెలిసింది. ఒకటి మేముంటున్న రెండు గదుల కాలనీ ఇల్లు. రెండోది మా ఎదురుగా ఉన్న మూడు ఏసీల డాబా. ఆ రెండో ఇంట్లో మేమెవ్వరం ఒక్క రోజు కూడా పడుకున్నది లేదు.

రాజోలు దగ్గర మా ఎస్సీ పేటలో ఇళ్లకి నెలకి రెండు వందల యూనిట్ల దాకా కరెంటు ఉచితం. ఆ హద్దుని మా అమ్మ ఎన్నడూ దాటనివ్వలేదు. ఫ్యాను కింద ఒక్కరే కూర్చుంటే దండగనేది, ఇద్దరు కూర్చుంటే ఊరుకునేది. నెలనెలా సున్నా బిల్లు వస్తే దాన్ని బీరువాలో చీరల మధ్య పెట్టుకునేది. అలాంటి మనిషికి ఓ నెల నిండు బిల్లు వచ్చింది.

అమ్మని గ్రామ సచివాలయానికి నేనే తీసుకెళ్లాను. అక్కడి ఉద్యోగి కంప్యూటర్ చూసి చాలా మర్యాదగా చెప్పాడు.

"మీ ఆధార్ మీద ఇంకో మీటరుందండి అమ్మగారూ. అందులో వాడకం ఏడాది సగటున నెలకి మూడు వందలు దాటేసింది. ఒకే ఆధార్ మీద అంత దాటితే పథకాలు రావండి. అందుకని ఉచితం ఆగిపోయిందండి."

అది ఎవరి మీటరో మా అమ్మకి వెంటనే తెలిసిపోయింది. "ఆయ్, ఆ వేలిముద్ర నేనే వేసేనండి," అంది.

ఎదురింటి అత్త కువైట్‌లో ఇంటిపని చేస్తుంది. రక్తసంబంధం ఏమీ లేదు, మా అమ్మా ఆవిడా వదినా అంటే వదినా అనుకుంటారు గనక నాకు అత్త. మా వైపు గల్ఫ్ వెళ్లేవాళ్లు తాళాలు ఎదురింట్లో ఇచ్చి వెళ్తారు. తాళాలతో పాటు మొక్కలకి నీళ్లు పోయడం, కిటికీలు తెరవడం, ఆ ఇంటికి వచ్చే ఉత్తరాలకి సంతకం పెట్టడం కూడా ఎదురింటివాళ్లకే వస్తాయి. మీటర్లకి ఆధార్ కలుపుతూ కరెంటువాళ్లు వచ్చిన రోజున మా అమ్మ ఆ ఇంటి తాళం తీసింది, వాళ్లకి కుర్చీలేసింది, మంచినీళ్లిచ్చింది. ఇంటావిడ లేదు కదా అని తన ఆధార్ చెప్పి తన వేలు పెట్టింది. దాన్ని కూడా మొక్కలకి నీళ్లు పోయడం లాంటి సాయమే అనుకుంది.

తర్వాతి ఏడాది వేసవి మొదలవుతూనే అత్త రెండు నెలల సెలవు మీద వచ్చి మూడు ఏసీలూ రాత్రీ పగలూ వేసి మళ్లీ వెళ్లిపోయింది. ఆ చలి తాలూకు ఫలితమే మాకు వచ్చిన బిల్లు.

"ఇంటావిడ వచ్చి ఆవిడ వేలిముద్ర వేస్తే మార్చేస్తామండి," అన్నాడు ఉద్యోగి. ఇంటావిడ మళ్లీ వచ్చేది రెండేళ్లకి.

బిల్లు నేను కడతానన్నాను. నేను పనిచేసేది ప్రైవేటు బడిలో. ముందు నీ జీతం ఏ నెలలో వస్తుందో కనుక్కో అని, మా అమ్మ వెళ్లి ఫ్రిజ్ ఆపేసింది. అందులో మా నాన్న ఇన్సులిన్ ఉంది. దాన్ని గుడ్డలో చుట్టి, తడి ఇసుక పోసిన కుండలో పెట్టింది. ఎదురింటి ఫ్రిజ్‌లో పెట్టమన్నాను. రికార్డు ప్రకారం ఆ ఇల్లు నీదేనని కూడా గుర్తు చేశాను. "తాళాలిచ్చింది ఇల్లు చూడమనే, మన సామాన్లు పెట్టుకోమని కాదు," అంది. ఆవిడతో వాదించడం కంటే కరెంటు ఆఫీసుతో వాదించడం నయం.

ఎండలు ముదిరాయి. నాన్నకి సుగర్ ఎక్కడికో పోయింది, కాళ్లు తిమ్మిరెక్కాయి. అమలాపురంలో డాక్టరుగారు ఇన్సులిన్ ఎక్కడ పెడుతున్నారని అడిగితే, "కుండలోనండి," అన్నాడు నాన్న. డాక్టరుగారు కాసేపు నాన్న వంక, తర్వాత నా వంక చూశారు. నాకు ఒళ్లు మండింది. ఆ మంట డాక్టరుగారి మీద కాదు.

ఇంటికొచ్చి, అమ్మకి చెప్పకుండా అత్తకి ఫోన్ చేశాను. జరిగిందంతా చెప్పి, "మీ ఏసీల చలి మాకు బాగానే తగిలిందండీ," అన్నాను. "మా మేడమ్‌ని సెలవడుగుతానే అమ్మా," అని అత్త పెట్టేసింది.

నాలుగు రోజుల సెలవు మీద వచ్చింది. వేలిముద్ర వేయడానికి కువైట్ నుంచి వచ్చిన మనిషి మా మండలంలో ఇంకెవరూ ఉండరు. మా గుమ్మంలోకి వచ్చి ముందు నాతోనే మాట్లాడింది.

"ఏసీ ఎక్కువ వాడేసేనే అమ్మా. అక్కడ నేను పడుకునేది బట్టల మిషను పక్కన. వాళ్ల గదులు తుడిచినంతసేపే నాకు చల్లదనం. ఇంటికొచ్చేక ఆశ పుట్టింది."

నేను కాఫీ పెట్టే నెపంతో లోపలికి వెళ్లిపోయాను.

మర్నాడు ముగ్గురం సచివాలయానికి వెళ్లాం. అత్త కుడి బొటనవేలు మిషను మీద పెట్టింది. సరిపోలలేదని వచ్చింది. తుడిచి పెట్టమన్నాడు ఉద్యోగి. మళ్లీ అదే. చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరంవేలు, ఏదీ ఒప్పుకోలేదు.

"ఏం పని చేస్తారండీ మీరు?" అన్నాడు.

"ఇల్లు కడుగుతానండి. గిన్నెలూ, బాత్రూములూనూ. అన్నీ బ్లీచింగు మందు నీళ్లతోనే కడగాలండి అక్కడ."

అరచేతులు రెండూ బల్ల మీద పెట్టి చూపించింది. వేళ్ల చివర్లు నున్నగా ఉన్నాయి. గీత అన్నది కనబడలేదు. తన చేతులు తానూ అప్పుడే చూసుకుంటున్నట్టు అత్త వాటినే చూస్తూ కూర్చుంది. మా అమ్మ కొంగుతో ఒక్కో వేలూ తుడిచి అందిస్తుంటే, ఉద్యోగి ఒక్కోదాన్నీ మిషను మీద నొక్కి పట్టుకున్నాడు. కుడిచెయ్యి మొత్తం అయిపోయింది. ఎడమచెయ్యి కూడా అయిపోవచ్చింది. వంట చెయ్యకుండానే బయల్దేరాం, పొద్దుటి నుంచి తిండి లేక మా నాన్న ఇంటి దగ్గర ఏం చేస్తున్నాడో అన్న ఆలోచన కూడా నాకు రాలేదు. ఎడమచేతి చిటికెనవేలు దగ్గర ఆకుపచ్చ లైటు వెలిగింది.

"ఆయ్, అయిపోయిందండి," అన్నాడు ఉద్యోగి. డాబా అత్త పేరుకి మారింది, మా ఉచితం మాకు తిరిగొచ్చింది.

ఆటోలో అత్త ఆ చిటికెనవేలిని కుడిచేత్తో పట్టుకుని కూర్చుంది. ఆ రెండు నెలల ఏసీలకీ నేను మనసులో తిట్టుకున్న తిట్లన్నీ గుర్తొచ్చి నాకు సిగ్గేసింది. క్షమించమని అడుగుదామని నోరు తెరిచాను. ఈలోగా ఆవిడే మా అమ్మతో మామూలుగా అంది.

"ఇదొక్కటే మిగిలిందన్నమాట వదినా. ఇకనుంచి దీన్ని నీళ్లలో పెట్టకుండా పని చేసుకోవాలి."